ఎడమవైపు గిన్నె

జీడిపిక్క మహా పొగరుబోతు. పైన డొల్ల, ఆ డొల్లలో ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే నూనె, దాని లోపల ఎర్రటి పొర, ఆ పొరను కరుచుకుని వదలని పప్పు. డొల్లను యంత్రం పగలగొడుతుంది, నూనెను యంత్రం పిండుతుంది. పొర దగ్గరకొచ్చేసరికి ఎంత ఖరీదైన యంత్రమైనా తడబడుతుంది. గట్టిగా గీకితే పప్పు రెండు బద్దలు. మెల్లగా గీకితే పొర పొరలాగే ఉంటుంది. పలాస చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ ఆడమనిషినైనా అడగండి, ఈ సంగతి చెబుతూ చెబుతూనే గుప్పెడు పప్పు పొట్టు తీసి మీ ముందు పోస్తుంది.

బమ్మిడి తవిటమ్మ అయితే చెప్పను కూడా చెప్పదు. తీసి పోస్తుంది, అంతే.

లోకనాథం షావుకారు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళుగా ఆమెది కిటికీ పక్క చోటు. ఎడమ కాలు ముడిచి, కుడి మోకాలు నిలబెట్టి, నేల మీద గోనెపట్టా వేసుకుని కూర్చునేది. ముందు చాటలో పప్పు, కుడిచేతిలో వేలెడంత కత్తి. విరగని గుండు పప్పు చాటలోకి, విరిగిన ముక్క ఎడమవైపు గిన్నెలోకి. అందరి గిన్నెలూ నేల మీద ఉంటే తవిటమ్మ గిన్నె మాత్రం బోర్లించిన నూనె డబ్బా మీద ఉండాలి. ఆ డబ్బా ఎవరైనా జరిపితే ఊరుకునేది కాదు.

"అదేటే, నీ గిన్నికి సింహాసనమేటి?" అని పక్కవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు.

"అలాగయితేనే నా సెయ్యికి బావుంటాది. నాకు తెల్దే, దాన్నే అడగండి" అనేది.

ఆ చేతిని నిజంగానే అడిగిన మనిషి ఆమె కూతురు ఝాన్సీ.

ఝాన్సీకి ముప్పయ్యొక్కేళ్ళు. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. తల్లి రెక్కల కష్టం మీద చదువుకుని, చేతి నరాల్లో పరుగెత్తే సంకేతాలను పట్టుకోవడం మీద పెద్ద చదువు చదివి, శ్రీకాకుళంలో కొత్తగా పెట్టిన ప్రాంతీయ శ్రమ నైపుణ్య కేంద్రంలో చేరింది. ఈ ప్రాంతంలో ఎవరికి ఏ పని వచ్చు, ఎంత బాగా వచ్చు అని ఊరూరా లెక్క తీయడం ఆ కేంద్రం పని. చేరిన మొదటి వారంలో ఆ జాబితా తెరిచి చూసింది. పడవలు కట్టే వడ్రంగులు, వలలు అల్లేవాళ్ళు, ఇత్తడి బిందెలు కొట్టేవాళ్ళు, ఉప్పు మళ్ళు తొక్కేవాళ్ళు, అందరూ వరసగా ఉన్నారు. మూడోరోజున ఒక వరస కంటపడింది. "బమ్మిడి తవిటమ్మ. వృత్తి: కూలీ. నైపుణ్యం: లేదు."

ఒళ్ళు మండిపోయింది. పెద్ద పెద్ద పరిశోధనలు కుతూహలంలోంచి పుడతాయంటారు. ఝాన్సీ పరిశోధన మాత్రం ఉక్రోషంలోంచి పుట్టింది.

నాలుగేళ్ళ తర్వాత ఒకరోజు తల్లి చేతులకు రెండు పల్చటి తొడుగులు వేసింది.

"ఇదేటే, ఎల్లుల్లి పొరలాగుంది. దీన్నేసుకుని పప్పు తీయాలేటి?"

"అవునమ్మా. నువ్వు ఎప్పట్లాగే తియ్యి. అది వింటూ ఉంటుంది."

"ఏటి వింటాది? నా సెయ్యి మాటాడతాదేటి?"

"మాట్లాడుతుంది. మనకే వినబడదు."

తవిటమ్మ నవ్వింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. నేల మీదే కూర్చుంది. ఫ్యాక్టరీ నుంచి నూనె డబ్బా తెప్పిస్తే తప్ప కత్తి పట్టనంది. పదకొండు రోజులు ప్రయోగశాలలో పప్పు తీసింది. ఏ వేలు ఎప్పుడు ఎంత నొక్కింది, ఏ నరం ఎప్పుడు కదిలింది, ఎక్కడ ఆగింది, అంతా తొడుగు విన్నది, యంత్రం దాచుకుంది. మరో మనిషి అలాంటి తొడుగు వేసుకుంటే, అది ఆ వేళ్ళను తవిటమ్మ వేళ్ళ దారిలో మెల్లగా నెడుతుంది. మూడు వారాలు నెడితే ఆ దారి అలవాటైపోతుంది. తర్వాత తొడుగు తీసేసినా చెయ్యి మరిచిపోదు. తొడుగుకు "తవిటమ్మ తొడుగు" అని పేరు కూడా పెట్టారు.

ప్రారంభోత్సవం రోజున ఝాన్సీని మాట్లాడమన్నారు. కాగితం తెచ్చుకుంది గాని చూడలేదు.

"మా అమ్మ ముప్పయ్యేళ్ళుగా జీడిపప్పు తీస్తోంది. మా ఇంట్లో ఒక్క పలుకు ఏనాడూ లేదు. జీడిపప్పు రుచి నాకు విశాఖపట్నంలో కాలేజీకి వెళ్ళాక తెలిసింది, అదీ స్నేహితురాలి పెళ్ళి విందులో. అలాంటి మనిషి మా అమ్మ. అలాంటి చెయ్యి ఇది."

హాలంతా చప్పట్లు. ముందు వరసలో లోకనాథం షావుకారు కూడా కొట్టాడు. వెనక వరసలో తవిటమ్మ మాత్రం తలొంచుకుంది. సిగ్గుపడుతోంది కాబోలు అనుకుంది ఝాన్సీ.

*

మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు నుంచి నలభై మంది ఆడవాళ్ళను నేర్చుకోవడానికి తీసుకున్నారు. గాలివానకు కొబ్బరితోటలు కూలి, పనుల్లేక కూర్చున్నవాళ్ళు. జీడిపప్పు పొట్టు ఎన్నడూ తీసి ఎరగరు. వరసగా బల్లలు, కుర్చీలు, తెల్లటి ఏప్రాన్లు. తూకం యంత్రం తీగలు కుడివైపు నుంచి వచ్చాయి కనక ముక్కల గిన్నెలు కుడివైపు పెట్టించింది ఝాన్సీ. అక్కడ ఎంత పెద్ద తప్పు చేసిందో అప్పుడు ఆమెకు తెలియదు.

మొదటి రోజు గదంతా గోల.

"ఓలమ్మో, నా సెయ్యి నా మాటినట్లేదు!"

"నాకయితే మా అత్త పట్టుకు లాగినట్టుంది!"

వారం తిరిగేసరికి గోల తగ్గింది. పదిహేనో రోజుకు గదిలో కత్తుల చిన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇరవై ఒకటో రోజున తొడుగులు తీసేశారు. నలభై మందీ పప్పు తీస్తూనే ఉన్నారు. పొర గుండ్రంగా ఊడి వస్తోంది. గుండు పప్పు మీద గీత కూడా లేదు. కేంద్రం డైరెక్టరు పట్నాయక్ గారు ఆ గదిలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. మంచివాడే, కాకపోతే పైవాళ్ళంటే భయం.

"ఝాన్సీ, ఈ నలభై మంది వరసల్లో 'నైపుణ్యం ఉంది' అని రాయిస్తానమ్మా. ఆ మాట రాయించడానికి సాక్ష్యం కావాలన్నారు. ఇదిగో సాక్ష్యం. వాళ్ళ పేర్లకు పైన మీ అమ్మగారి పేరు."

ఝాన్సీకి ఆ రోజు అన్నం సయించలేదు. సంతోషం అంతలా ఉంది.

మర్నాడు షావుకారు వచ్చాడు. తన ఫ్యాక్టరీలన్నిటికీ ఈ తొడుగు తీసుకోవాలని ఆయన ఉద్దేశం. రెండు బల్లల మధ్య నడుస్తుంటే చెప్పు కింద ఏదో కరకరలాడింది. వంగి చూశాడు. ప్రతి కుర్చీకీ ఎడమపక్కన, నేల మీద, పప్పు ముక్కలు చిన్న కుప్పగా పడి ఉన్నాయి. నలభై కుర్చీలు, నలభై కుప్పలు.

ఎవరినీ ఏమీ అనకుండా గోడవార నిలబడి చాలాసేపు చూశాడు. పప్పు తీస్తూ తీస్తూ ఒక ఆడమనిషి ఎడమచెయ్యి ఉన్నట్టుండి పక్కకు వెళ్ళింది. గాల్లో వేళ్ళు విడిపోయాయి. ముక్క కింద పడింది. చెయ్యి మళ్ళీ పనిలోకి వచ్చింది. ఆమెకు ఆ సంగతే తెలిసినట్టు లేదు. కాసేపటికి ఇంకొకామె. తర్వాత మరొకామె.

షావుకారు నవ్వాడు. మంచి నవ్వు కాదది.

"ఝాన్సమ్మా, నీకు సదువెక్కువ, నాకు యాపారం ఎక్కువ. ఈ సెయ్యి నాకు బాగా తెలుసు. గేటు కాడ నిలబడి ముప్పయ్యేళ్ళు సూసినాను. కొంగు ముడిలోకి ఎల్లీ సెయ్యి ఇది. ఈళ్ళకి ఏప్రాన్లున్నాయి, ముడి లేదు. అందుకని కిందడిపోతన్నాయి. మీ అమ్మ మంచి పనే నేర్పినాది!"

ఝాన్సీకి తల కొట్టేసినట్టయింది.

షావుకారు వెళ్ళాక పట్నాయక్ గారు తలుపు దగ్గరగా వేసి మెల్లగా చెప్పాడు. "శుక్రవారం సమావేశం. అప్పటికి నువ్వు నివేదిక ఇవ్వాలి. అది దొంగతనమేనని తేలితే తొడుగు మీద ఆ పేరు ఉండదు. దొంగ చెయ్యి నేర్పిన విద్యను నైపుణ్యమని రాయమంటే పైవాళ్ళు నా మొహాన నవ్వుతారు. ఆ నలభై మంది గతి కూడా అంతే. ముందు మీ అమ్మగారిని అడుగు."

*

తవిటమ్మ ఆనపకాయ తరుగుతోంది. ఝాన్సీ పీట వాల్చుకుని కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు అడిగేసింది.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"నానా? ముప్పయ్యేళ్ళు గేటు కాడ రోజూ ఒళ్ళంతా తడివి పంపినారు. ఒక్కనాడయినా ఒక్క పలుకు దొరికిందేటి?"

"లేదమ్మా."

"మరి నువ్వెందుకడిగినావే?"

తవిటమ్మ మిగిలిన ముక్కలు తరిగి, కూర వండి, కూతురికి వడ్డించి, తను తినకుండా లేచిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీలో కిటికీ పక్క కూర్చుని తవిటమ్మ తన ఎడమచేతిని చూసుకుంది. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి చూసుకుంది. ఇదేం చేస్తోంది, ఎటు పోతోంది అని దొంగను కాపలా కాసినట్టు కాసింది. అంతే, చెయ్యి బెదిరిపోయింది. పప్పు పట్టుకుంటే బద్ద, కత్తి ఆనిస్తే ముక్క. మధ్యాహ్నానికి నూనె డబ్బా మీద గిన్నె నిండిపోయింది. ఆ గిన్నె నిండడం అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు. మేస్త్రీ వచ్చి చూసి, "తవిటమ్మా, ఒంట్లో బాగాలేకపోతే ఇంటికెళ్ళు" అన్నాడు. పక్కవాళ్ళు ఒక్కరూ వేళాకోళం చేయలేదు. అదే ఆమెకు మరీ కష్టమనిపించింది.

ఝాన్సీ ఇంటికొచ్చేసరికి తల్లి గడప మీద కూర్చుని రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తోంది.

"పోనాదే" అంది. "నా సెయ్యి నాకాడ లేదు. నీ పెట్టెలో ఎట్టీసినావు."

తొడుగు చేతిని కాపీ చేస్తుందే గాని లాక్కోదు. ఆ సంగతి ఝాన్సీకి తెలుసు, తల్లికీ తెలుసు. అయినా ఆ మాట అబద్ధమని ఝాన్సీ అనలేకపోయింది. ఆ చేతిని అనుమానంగా చూడడం తల్లికి నేర్పింది తనే. ఆ రోజు ఝాన్సీ స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చింది.

*

బుధవారం పొద్దున్నే నేర్చుకున్నవాళ్ళలో దమయంతి అనే అమ్మాయి ప్రయోగశాలకు వచ్చింది. సోంపేట దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్ళుంటాయి. పెళ్ళయి ఆరేళ్ళు, రెండుసార్లు కడుపు నిలవలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మేడమ్, ఇది సెప్పొచ్చో లేదో నాకు తెల్దు. నా ఎడమసెయ్యి పక్కకెల్తాది కదా. ఎల్లినప్పుడల్లా అక్కడ ఎవరో ఉండాల, లేరేటి అనిపిస్తంది. ఇంటికాడ అన్నం తింటన్నప్పుడు కూడా పక్కకి సూస్తన్నాను. మా ఆయన భయపడిపోతన్నాడు."

"ఎవరు ఉండాలనిపిస్తుంది?"

"తెల్దు మేడమ్. సిన్న మనిసి."

ఝాన్సీ వెంటనే దమయంతిని బల్ల ముందు కూర్చోబెట్టింది. ముందు చాటలో పప్పు పోసి, తను టేపు పట్టుకుని ఆమె కుర్చీ ఎడమపక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

మూడు రోజులుగా ఎవరూ చేయని పని అది. ఆ చెయ్యి ఎక్కడికి పోతోందో నిజంగా కొలవడం. కొంగు ముడిలోకి పోయే చెయ్యి అయితే ఒంటికి దగ్గరగా రావాలి, నడుము దగ్గర ఆగాలి. ఇది ఒంటికి దూరంగా జానెడు బయటికి పోతోంది, డొక్క ఎత్తున ఆగుతోంది. వేళ్ళు విడిపోయేముందు బొటనవేలు ఒక్కసారి ముందుకు నెడుతోంది. దొంగ ఎవడూ అలా నెట్టడు.

ఝాన్సీ ఇంకొంచెం ముందుకు వంగింది. టేపు అంకె కనబడాలి కదా.

దమయంతి చూపు చాట మీదే ఉంది. చెయ్యి దాని పని అది చేస్తోంది. పప్పు తర్వాత పప్పు, పొర ఊడుతోంది, గుండు చాటలో పడుతోంది. ఉన్నట్టుండి రెండు వేళ్ళు ఒక నిండు పప్పును టుక్కున విరిచాయి. విరిగిపోలేదు, విరిచాయి. ఎడమచెయ్యి పక్కకు వచ్చింది. ఆ ముక్కను తిన్నగా ఝాన్సీ పెదాల మధ్య పెట్టి, బొటనవేలితో లోపలికి నెట్టింది.

దమయంతి ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. "అయ్యో మేడమ్!"

ఝాన్సీ కదల్లేదు. నోట్లో ముందు అంటుకున్న పొర వగరు, ఆ వెనక పాలలాంటి తీపి. గోనెసంచుల వాసన. ఎర్రటి పొట్టు అంటిన చీర కుచ్చెళ్ళు. "సప్పుడు సేయకు" అనే గుసగుస. కాలేజీ స్నేహితురాలి పెళ్ళి కంటే చాలా ఏళ్ళ ముందటి రుచి అది. నాలుక దాచుకున్న సంగతి బుర్రకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

*

"నాకు పెట్టేదానివా అమ్మా?"

తవిటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీకు రెండో ఏడు. నిన్ను సూసీవోళ్ళు లేరు. ఆ రోజుల్లో పిల్లా గుంటల్ని లోపలికి రానిచ్చీవోరు కాదు. గోనిల ఎనకాల, నా ఎడంపక్కన కూసోబెట్టీదాన్ని. నువ్వేడిస్తే మేస్త్రీ ఇంటాడు. ముక్క ఇరిగితే నీ నోట్లో ఎట్టీదాన్ని. అది నవులుతా ఓ గడియ ఊరుకుండీదానివి."

"విరిగినవేనా?"

తల్లి కూతురి మొహంలోకి చూసింది.

"మొదట్లో ఇరిగినవే. తరవాత నా సెయ్యి కుదిరీసినాది, ఇరగడం మానీసినాయి. నువ్వు నోరు తెరుసుకుని నాకేసి సూసీదానివి. అప్పుడు... నానే ఇరిసీదాన్ని. నువ్వు బడికెల్లినాక ఆ ఖాళీ సోట నీ నోరుండీ ఎత్తుకి డబ్బా ఎట్టి గిన్నెట్టుకున్నాను. నీ తర్వాత ఒక్క ముక్క కూడా బయటికి పోలేదే, ఒట్టు. ఇరవడం మాత్రం సెయ్యి మానలేదు కాబోలు. నాను మరిసిపోనాను, అది మరవలేదు."

అదన్నమాట ఆ సింహాసనం రహస్యం. తవిటమ్మ ఎడమపక్క బిడ్డ లేచి వెళ్ళిన చోట గిన్నె ఉంది కనక ముక్క గిన్నెలో పడింది. ప్రయోగశాలలో గిన్నె కుడివైపు పెట్టారు కనక నలభై మంది చేతుల్లోంచీ నేల మీద పడింది.

ఆ రోజే కూర్చుని ఝాన్సీ నివేదిక రాసింది. "గిన్నెను కుడివైపు అమర్చడం వల్ల జరిగిన పొరపాటు. దొంగతనం ఏమీ లేదు." రెండు వాక్యాలు. రెండోదాన్ని ఒకసారి కొట్టేయబోయింది గాని, అమ్మ పేరు నిలుస్తుంది, నలభై మంది గట్టెక్కుతారు, అంతకంటే ఏం కావాలి అనుకుని సంతకం పెట్టింది.

శుక్రవారం సమావేశానికి పట్నాయక్ గారు తవిటమ్మను కూడా రమ్మన్నాడు. ఆమె వెనక వరసలో, ప్రారంభోత్సవం రోజు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. ఝాన్సీ నివేదిక చదివింది. నేర్చుకున్నవాళ్ళలో కొందరిని కూర్చోబెట్టి, గిన్నెలు ఎడమవైపుకు మార్చి చూపించింది. ముక్కలన్నీ గిన్నెల్లోనే పడ్డాయి. పట్నాయక్ గారు హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు.

షావుకారు మాత్రం వాలలేదు.

"గిన్ని సంగతి సరే. ఒక్కటి సెప్పు. అంత మంచి సెయ్యి ప్రతి రెండొందల పప్పులకీ ఒకటి ఎందుకు ఇరుస్తంది? నాను గుడ్డోణ్ణి కాను. అది జారిపోయి ఇరిగింది కాదు. నిండు పప్పుని పట్టుకుని కావాలని ఇరిసినాది. ఎవరి కోసం?"

అలసట అంటే సరిపోయేది. చేతికి విశ్రాంతి అంటే ఇంకా బాగుండేది, పట్నాయక్ గారు ఆ మాట అందించడానికి సిద్ధంగా కూడా ఉన్నాడు. ఝాన్సీ నోటిదాకా వచ్చింది. అప్పుడే వెనక వరసకేసి చూసింది. తల్లి తలొంచుకుని ఉంది. ఆ రోజు చప్పట్ల మధ్య ఎలా వంచుకుందో సరిగ్గా అలాగే. సిగ్గు కాదది. కూతురు వేదిక మీద నిలబడి లేని గొప్ప అంటగడుతుంటే, కాదని చెప్పలేక వంచుకున్న తల. ఇప్పుడు ఇంకో అబద్ధం చెబితే ఆ తల ఇక జీవితంలో లేవదు.

"నా కోసం" అంది ఝాన్సీ. "మా ఇంట్లో జీడిపప్పు ఎప్పుడూ లేదని ఇక్కడే చెప్పాను. ఇంట్లో లేదు, నిజమే. మీ ఫ్యాక్టరీలో గోనెల వెనక కూర్చుని తిన్నాను. మా అమ్మ విరిచి పెట్టింది, నేను తిన్నాను. మూడేళ్ళు తిన్నాను."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తవిటమ్మ లేచి నిలబడింది. తల ఎత్తే ఉంది.

"అవును బాబూ. పప్పు నీది, కాదన్ను. గుంట నాది."

షావుకారు మొహం కందిపోయింది. "రేపట్నుంచి నా పాక్టరీకి రావొద్దు" అని, పట్నాయక్ గారి వైపు తిరిగి, "ఆ ఇరవడం తీసీసి, ఆ పేరు తీసీసి ఇస్తే తొడుగు కొంటాను" అన్నాడు.

*

తీసేశారు. ఝాన్సీ తన చేత్తోనే తీసింది. ఆ ఒక్క కదలికను యంత్రంలోంచి తుడిచి, నలభై మందినీ మళ్ళీ పిలిపించింది. ముప్పై తొమ్మిది మంది కొత్త తొడుగు వేసుకుని విరవడం మరిచిపోయారు. దమయంతి వేసుకోలేదు.

"నాది ఉండనీండి మేడమ్. అక్కడ ఎవరున్నారో తెల్లేనప్పుడు భయమేసింది. ఇప్పుడు తెలుసు కదా" అంది.

జాబితాలో ఆ నలభై మంది పేర్ల పక్కా "నైపుణ్యం ఉంది" అని పడింది. పట్నాయక్ గారు మాట నిలబెట్టుకున్నాడు. వాళ్ళ చేతులకు చెయ్యినిచ్చిన మనిషి వరసలో మాత్రం పాత మాటే మిగిలింది. ఆ వరస కోసం ఝాన్సీ ఎన్ని అర్జీలు పెట్టిందో, ఎవరెవరితో పోట్లాడిందో చెబితే అదో పెద్ద భాగోతం. ఇప్పటికీ పెడుతూనే ఉంది.

కొత్త తొడుగుతో నేర్చుకున్న చేతులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. కాకపోతే ప్రతి రెండొందల పప్పులకూ ఒకసారి ఒక్క క్షణం ఆగుతాయి. ఎందుకు ఆగాయో వాటికి తెలియదు. షావుకారు కూడా ఈ ఆగడాన్ని గమనించాడట గాని, దాని గురించి ఝాన్సీని ఏమీ అడగలేదు.

తవిటమ్మ ఇంట్లోనే ఉంటోంది. కూరలు తరుగుతుంది, గిన్నెలు తోముతుంది, సందు చివర కుళాయి దగ్గర కాసేపు కబుర్లాడి వస్తుంది. పప్పు మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది. నెల గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఝాన్సీ బజారుకెళ్ళి, పొట్టు తీయని పప్పు రెండు కేజీలు కొని తెచ్చింది. ఆ ఇంటి గడప దాటి జీడిపప్పు లోపలికి రావడం అదే మొదలు.

"ఎందుకే ఇది? నా సెయ్యి పోనాది అంటే ఇనవేటి?"

ఝాన్సీ వినలేదు. గోనెపట్టా పరిచింది. చాటలో పప్పు పోసి తల్లి ముందు పెట్టింది. కత్తి చేతికిచ్చింది. నూనె డబ్బా కోసం తల్లి అటూ ఇటూ చూస్తుంటే, తనే వెళ్ళి ఆమె ఎడమపక్కన నేల మీద చతికిలబడింది. మరీ ఎత్తుగా ఉంది కనక గూనిగా వంగి, తల్లి డొక్క ఎత్తుకు మొహం తెచ్చుకుంది. ముప్పయ్యొక్కేళ్ళ మనిషి, కేంద్రంలో పదిమంది తన మాట వినే మనిషి, అలా వంగి కూర్చుంది.

"నీకేటయినా పిచ్చా?" అని తవిటమ్మ కసురుకుంది. తర్వాత కత్తి తీసుకుంది.

మొదటిది బద్దయింది. రెండోది ముక్కలైంది. మూడోదీ అంతే. తవిటమ్మ విసుక్కుని కత్తి కింద పెట్టబోయింది. పక్కకు చూసింది. కూతురు ఏమీ అనడం లేదు, చేతిని చూడడం లేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది. తవిటమ్మ కూడా చేతిని చూడడం మానేసి, వాకిట్లోకి చూస్తూ తీయసాగింది. కాసేపటికి ఒక గుండు చాటలో పడింది. ఇంకాసేపటికి మరొకటి. తర్వాత వరసగా పడసాగాయి. ఎన్ని పడ్డాయో ఇద్దరిలో ఎవరూ లెక్కపెట్టలేదు. వీధిలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే తవిటమ్మ పలికింది కూడా, చెయ్యి ఆగలేదు.

టుక్కుమని చప్పుడైంది.

ఎడమచెయ్యి పక్కకు వచ్చింది. ఝాన్సీ నోరు తెరిచింది. బొటనవేలు ముక్కను లోపలికి నెట్టి, పెదాల మీద ఒక్క క్షణం ఆగింది. ఝాన్సీకి కళ్ళు నిండిపోయి నమలడం చేతకాలేదు.

తవిటమ్మ కిందికి చూడకుండా, గొంతు తగ్గించి అంది.

"బేగి నవులే. మేస్త్రీ వొస్తన్నాడు."